లంబసింగికి ఏ పొయ్యి?

డిసెంబర్ దగ్గరపడితే మన క్యాంపస్‌లో రెండే టాపిక్‌లు నడుస్తాయి. ఒకటి సెమ్ ఎగ్జామ్స్, రెండోది ఎగ్జామ్స్ అవ్వగానే లంబసింగి. వంజంగి మబ్బులు, చెరువులవేనం వ్యూపాయింట్, టెంట్ ముందు చికెన్ గ్రిల్ చేస్తూ ఒక రీల్. పోయిన ఏడాది మా ఆరుగురి ట్రిప్‌కి వంట సామాను సంగతి నాకు అప్పగించారు. "నువ్వు ఎక్సెల్ షీట్ వెయ్యకుండా చెప్పులు కూడా కొనవు కదరా, ఇది కూడా నువ్వే చూడు" అన్నారు. చూశాను. ఎగ్జామ్స్‌కి చదివినదాని కంటే ఎక్కువే చూశాను. ఆ షీట్‌లో పనికొచ్చేదంతా ఈసారి వెళ్లేవాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

"క్యాంపింగ్ గ్రిల్" అని వెతికితే వచ్చే వీడియోలు దాదాపు అన్నీ అమెరికావి. అందులో ఒకాయన పికప్ ట్రక్ వెనక గ్రిల్ పెట్టి, చిన్న ప్రొపేన్ సిలిండర్ ఒకటి బిగించి, మూత తెరిచి మాంసం తిప్పుతుంటాడు. గ్రిల్ ఎన్ని బీటీయూలు, ఎన్ని చదరపు అంగుళాలు, కాళ్లు మడత పడతాయా లేదా అన్నదే చర్చంతా. గ్యాస్ గురించి ఒక్క ముక్క మాట్లాడడు. అక్కడ మాట్లాడాల్సిన అవసరం లేదు మరి. సూపర్‌మార్కెట్‌కి వెళ్తే 16.4 ఔన్సుల ప్రొపేన్ డబ్బా దొరుకుతుంది, అంటే 465 గ్రాములు. ఏ కంపెనీ గ్రిల్ కొన్నా అదే డబ్బా, అదే మరచుట్టు. మన దగ్గర అలా కాదు. ఆ డబ్బా ఇక్కడ షాపుల్లో దొరకదు, ఆ గ్రిల్ మరచుట్టు మన గ్యాస్ బండ మూతికి పట్టదు. అందుకే నా షీట్‌లో మొదటి కాలమ్ "ఏ గ్రిల్" నుంచి "ఏ గ్యాస్"కి మారింది. ఈ వ్యాసంలో సగానికి పైగా దాని గురించే.

గ్యాస్ అంటే అన్నీ ఒకటి కాదు

డబ్బాలో ఉండేది గ్యాస్ కాదు, ద్రవం. ఒత్తిడి పెట్టి ద్రవంగా మార్చి నింపుతారు. మనం నాబ్ తిప్పగానే కొంత ద్రవం ఆవిరై బయటికి వస్తుంది, ఆ ఆవిరే మండుతుంది. అది ఆవిరి కావాలంటే డబ్బా చల్లదనం ఆ ద్రవం మరిగే ఉష్ణోగ్రత కంటే పైనే ఉండాలి. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఐసోబ్యూటేన్ సుమారు మైనస్ 12 దగ్గర. మామూలు బ్యూటేన్ మైనస్ 0.5 దగ్గర, అంటే దాదాపు నీళ్లు గడ్డకట్టే చోట. (డిగ్రీలన్నీ సెంటిగ్రేడ్‌లో, వేరేగా చెప్పను.)

ఇప్పుడు లంబసింగిని గుర్తు చేసుకోండి. సుమారు 1000 మీటర్ల ఎత్తు, అల్లూరి సీతారామరాజు జిల్లా, చింతపల్లి మండలం. "ఆంధ్రా కశ్మీర్" అని ఊరికే అనరు, శీతాకాలం తెల్లవారుజామున అక్కడ ఉష్ణోగ్రత పది లోపలికి, ఒక్కోసారి ఇంకా కిందికి పడిపోతుంది. మనకి ఆన్‌లైన్‌లో సులువుగా దొరికే క్యాంపింగ్ స్టవ్ ఏది? బ్రీఫ్‌కేస్ లాంటి ప్లాస్టిక్ పెట్టెలో వచ్చే పోర్టబుల్ స్టవ్. దానికి వేసేది స్ప్రే బాటిల్ లాంటి పొడుగు డబ్బా, 220 గ్రాముల బ్యూటేన్. అంటే మన రాష్ట్రంలోనే బాగా చలి వేసే చోటికి, చలికి బాగా నీరసించే గ్యాస్ పట్టుకెళ్తున్నాం.

"పది డిగ్రీలు అంటే మైనస్ 0.5 కంటే పైనే కదా, ప్రాబ్లమ్ ఏంటి?" అని మా వాడొకడు అడిగాడు. మంచి ప్రశ్నే. దీనికి జవాబు మట్టికుండలో ఉంది. కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? పైకి ఊరిన నీరు ఆవిరవుతూ కుండలోంచి వేడి లాక్కుంటుంది కాబట్టి. డబ్బాలోనూ అదే జరుగుతుంది. బ్యూటేన్ ఆవిరవుతూ తన వేడి తనే తినేస్తుంది. పెళ్లి వంటల దగ్గర పెద్ద బండ అడుగున చెమట పట్టి, ఒక్కోసారి తెల్లగా మంచు పేరుకోవడం చూసే ఉంటారు. వంటవాళ్లు ఆ బండని నీళ్ల టబ్‌లో నిలబెట్టేది ఇందుకే.

ఎంత చల్లబడుతుందో లెక్క వేసి చూశాను. థర్మో సబ్జెక్ట్ నాది కాదు, అయినా ఇది ఇంటర్ ఫిజిక్సే. స్టవ్ ఫుల్ మంట మీద గంటకి 160 గ్రాములు కాలుస్తుంది అనుకుందాం. ఈ అంకె స్టవ్ పెట్టె మీద రాసి ఉంటుంది, మీ స్టవ్‌ది మీరు చూసుకోండి. కిలో బ్యూటేన్ ఆవిరవ్వడానికి సుమారు 370 కిలోజౌళ్లు కావాలి. అంటే సెకనుకి 16 జౌళ్ల చొప్పున, అదే 16 వాట్లు, డబ్బాలోంచి పోతున్నాయి. నిండు డబ్బాని ఒక డిగ్రీ చల్లబరచడానికి, లోపలి ద్రవం, పైన రేకు కలిపి, 575 జౌళ్ల దాకా పోతే చాలు. బయటి నుంచి వేడి ఏమీ అందకపోతే నిమిషానికి 1.7 డిగ్రీలు పడిపోతుంది. 8 డిగ్రీల దగ్గర మొదలుపెడితే 5 నిమిషాల్లో మైనస్ 0.5. లంబసింగి ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టం కంటే పదో వంతు పైన తక్కువ కాబట్టి బ్యూటేన్ ఇంకో మూడు డిగ్రీల కింద దాకా మరుగుతుంది, అది మనకి కలిసొచ్చే విషయం. దాన్ని కలిపితే 7 నిమిషాలు. చుట్టూ ఉన్న గాలి డబ్బాకి తిరిగి ఇచ్చే వేడి కూడా మూడు నాలుగు వాట్లే, పోయే 16లో నాలుగో వంతు.

స్విచ్ ఆపినట్టు టక్కున ఆగదు లెండి. మంట కుంగుతుంది, దాంతో ఖర్చు తగ్గుతుంది, చల్లబడటమూ నెమ్మదిస్తుంది. చివరికి టీ కూడా సరిగ్గా మరగని ఒక నీరసపు మంట దగ్గర స్థిరపడిపోతుంది. డబ్బా ఊపితే లోపల గ్యాస్ గలగలలాడుతూనే ఉంటుంది. "డబ్బా అయిపోయింది, నకిలీది ఇచ్చాడు" అని అమ్మినవాడిని తిట్టే కేసులు చాలావరకు ఇవే.

ఇదే లెక్క 5 కిలోల చిన్న బండకి వేశాను. షీట్ మొత్తంలో నాకు బాగా నచ్చిన లైన్ అదే. గ్యాస్ 5 కిలోలు, ఇనుము అంతకంటే ఎక్కువ. అంత సరుకుని ఒక డిగ్రీ చల్లబరచాలంటే 15,000 జౌళ్ల దాకా పోవాలి. అదే మంటకి గంటసేపు వండినా నాలుగు డిగ్రీలు కూడా తగ్గదు. పైగా మన ఎల్పీజీ ప్రొపేన్, బ్యూటేన్ కలిపిన మిశ్రమం, కాబట్టి ఉత్త బ్యూటేన్ కంటే చలికి మెరుగు. కాగితం మీద చూస్తే అమెరికా వీడియోల్లో ఉన్నవాటన్నిటి కంటే లంబసింగికి సరిపోయేది పెట్రోల్ బంకులో అమ్మే ఈ చిన్న బండే. ఇండియన్ ఆయిల్ వాళ్లు 2020లో దానికి "ఛోటూ" అని పేరు పెట్టారు. ఇంటి కనెక్షన్ అక్కర్లేదు, ఒక గుర్తింపు కార్డు చూపిస్తే చాలు.

కారు ఉంటే ఒకటి, బ్యాగు ఉంటే ఒకటి

కాబట్టి నా సలహా ఇలా. కారులో టెంట్ దాకా వెళ్లేవాళ్లు 5 కిలోల బండ, ఐఎస్ఐ మార్కు రెగ్యులేటర్, ట్యూబు, ఒక సింగిల్ బర్నర్ ఇనుప స్టవ్ తీసుకోండి. ఫొటోలో అందంగా ఉండదు. కానీ ఆరుగురికి అన్నం, కూర వండినా, రెండు రోజులు టీలు పెట్టినా అలసిపోదు. దాని మీద పోత ఇనుము గ్రిల్ పెనం ఒకటి పెడితే చికెన్ మీద నల్ల చారలు కూడా వస్తాయి, రీల్‌కి ఆ చారలు చాలు. కొనేటప్పుడు బండ మెడ దగ్గర పట్టీ మీద ఒక అక్షరం, ఒక అంకె రాసి ఉంటాయి, చూడండి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, అలా డి దాకా. పక్కన ఉన్నది సంవత్సరం. ఆ మూడు నెలలు దాటితే బండకి మళ్లీ టెస్ట్ చెయ్యాలి. గడువు దాటినదైతే వేరేది ఇమ్మనండి, గొడవేం కాదు.

వీపు మీద మోసుకుని నడిచి ఎక్కేవాళ్లకి బండ కుదరదు. వాళ్లు గుండ్రంగా పొట్టిగా ఉండే మరచుట్టు డబ్బాలు చూడండి, ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపినవి. ఖరీదు ఎక్కువ, అన్ని చోట్లా దొరకవు, కానీ చలిలో నిలబడతాయి. డబ్బా మీద కేవలం "బ్యూటేన్" అని ఉంటే అది ఆ రకం కాదు, ఆకారం చూసి మోసపోవద్దు.

ఇప్పటికే బ్రీఫ్‌కేస్ స్టవ్ కొనేసినవాళ్లు దిగులు పడక్కర్లేదు. అది చెడ్డ స్టవ్ కాదు, నాగార్జునసాగర్ పక్కన నవంబర్‌లో అయితే హాయిగా పని చేస్తుంది. చలిలో ఒక ఉపాయం ఉంది. రెండు డబ్బాలు పెట్టుకోండి. ఒకటి స్టవ్‌లో ఉండగా రెండోది జాకెట్ లోపల ఒంటికి తగిలేలా ఉంచుకోండి. మంట కుంగగానే స్టవ్ కట్టేసి మార్చండి. చేతికి గోరువెచ్చగా తగిలే నీళ్లలో డబ్బా కాసేపు ఉంచినా సరిపోతుంది. మరిగే నీళ్లలో మాత్రం వద్దు, మంట దగ్గర అసలు వద్దు. 50 డిగ్రీలు దాటనివ్వొద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది. కొత్తగా కొనేవాళ్లు బర్నర్ నుంచి డబ్బా దాకా వేడి అందించే లోహపు పట్టీ ఉన్న మోడల్ చూసుకోండి, కొన్నిట్లో ఉంటుంది. దాని పని అదే, మంట వేడిలో కొంచెం డబ్బాకి పంపించడం.

ఎన్ని డబ్బాలు కావాలో కూడా లెక్క కట్టొచ్చు. లీటరు చల్లటి నీళ్లు మరగడానికి, గాలికి పోయే వేడి కూడా కలుపుకుంటే, సుమారు 20 గ్రాముల బ్యూటేన్ ఖర్చవుతుంది. మా ఆరుగురికి సాయంత్రం టీ లీటరున్నర, రాత్రి మ్యాగీకి మూడు లీటర్లు, పొద్దున మళ్లీ టీ లీటరున్నర. ఇదంతా 120 గ్రాములు. చికెన్ రెండు వాయిలు, ఒక్కోటి 25 నిమిషాలు, అది 135 గ్రాములు. పొద్దున ఉప్మా ఇంకో 50 వేసుకోండి. మొత్తం 305. రెండు డబ్బాలు సరిపోతాయి, మూడు తీసుకెళ్లండి. చలికి ఒకటి మొరాయించినా ఆకలితో పడుకోకుండా ఉంటారు.

గ్రిల్ పెనం గురించి ఒక ముఖ్యమైన మాట. బ్రీఫ్‌కేస్ స్టవ్‌లో డబ్బా బర్నర్ పక్కనే, ఒక మూత కింద పడుకుని ఉంటుంది. ఆరుగురికి ఒకేసారి కాలుద్దామని వెడల్పాటి పెనం పెడితే అది ఆ మూత మీదికి వస్తుంది. పెనం కింద వేడి డబ్బా మీదికి కొడుతుంది. ఇంతసేపూ డబ్బా చల్లబడుతోందని ఏడ్చాం, ఇక్కడ కథ తిరగబడుతుంది, వేడెక్కి ఒత్తిడి పెరిగి పేలుతుంది. పెనం బర్నర్ వైపు భాగం దాటకూడదు. గాలి కొడుతోందని స్టవ్ చుట్టూ అట్టలు, రేకులు దగ్గరగా కట్టడం కూడా ఇలాంటిదే. గాలి వచ్చే వైపు మాత్రమే, కొంచెం దూరంగా, ఒక అడ్డు పెట్టండి.

హాస్టల్ రీఫిల్

దీని గురించి రాయాలా వద్దా అని ఆలోచించాను. కానీ నాకు తెలిసిన మూడు రూముల్లో ఇది జరుగుతోంది, కాబట్టి రాస్తున్నాను. బ్యూటేన్ డబ్బా ఖాళీ అయ్యాక పారెయ్యకుండా, ఆన్‌లైన్‌లో దొరికే చిన్న ఇత్తడి అడాప్టర్‌తో ఇంటి బండలోంచి ఎల్పీజీ ఎక్కించుకోవడం. "కొత్త డబ్బా రేటుకి పది సార్లు నింపొచ్చు బ్రో" అంటారు. డబ్బుల లెక్క నిజమే.

ఇప్పుడు ఒత్తిడి లెక్క చూడండి. 40 డిగ్రీల ఎండలో, అంటే మన ఏప్రిల్‌లో రూములోనే, బ్యూటేన్ ఒత్తిడి 4 బార్ లోపే ఉంటుంది. ఆ పల్చటి రేకు డబ్బాని దాన్ని దృష్టిలో పెట్టుకునే చేశారు. అదే వేడిలో ప్రొపేన్ ఒత్తిడి 13 బార్ పైమాటే. ఎల్పీజీలో రెండూ ఉంటాయి కాబట్టి డబ్బా మీద పడేది ఈ రెండిటి మధ్యలో ఎక్కడో, అంటే డబ్బాకి అలవాటైన దానికంటే చాలా ఎక్కువ. ఇంటి బండ అంత మందం ఇనుముతో ఊరికే చెయ్యరు. రెండో సంగతి, ఏ సిలిండర్‌నీ నిండుగా నింపరు, పైన కొంత ఖాళీ వదులుతారు. వేడికి ద్రవం వ్యాకోచిస్తే దానికి చోటు కావాలి. రూములో నింపేవాడికి ఎంత నిండిందో తెలిసే దారి లేదు. చోటు లేకుండా నిండిన డబ్బాని కారు డిక్కీలో పెట్టి ఘాట్ రోడ్ కింద మధ్యాహ్నం ఎండలో భోజనానికి ఆగారనుకోండి, తర్వాత ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

అమెరికాలో కూడా ఆ 465 గ్రాముల డబ్బా మీద మళ్లీ నింపొద్దని రాసే ఉంటుంది. నింపినదాన్ని బండిలో తీసుకెళ్లడం అక్కడ ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఇంజనీరింగ్ చదివేవాళ్లం, మనకి చట్టం కంటే ఆ బార్‌ల లెక్కే ఎక్కువ అర్థం కావాలి.

రైలులో వద్దు

వైజాగ్ దాకా రైలు, అక్కడి నుంచి బండి అనేది చాలామంది ప్లాన్. రైలులో గ్యాస్ ఎక్కించకూడదు, చిన్న డబ్బా అయినా సరే. రైల్వే చట్టం, 1989లో సెక్షన్ 164 కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. "బ్యాగు అడుగున పెడితే ఎవరు చూస్తారు" అనేవాళ్లకి ఒక తేదీ చెప్తాను. 2023 ఆగస్టు 26. మదురై స్టేషన్ యార్డులో ఆగి ఉన్న టూరిస్ట్ కోచ్‌లో తెల్లవారుజామున మంటలు లేచాయి. లక్నో నుంచి తీర్థయాత్రకి వచ్చినవాళ్లు అందులో ఉన్నారు. దొంగచాటుగా తెచ్చుకున్న గ్యాస్ సిలిండర్ వల్లనే మంటలు లేచాయని రైల్వే చెప్పింది. తొమ్మిది మంది చనిపోయారు. అంతసేపూ రైలులో వాళ్లు కూడా మనలాగే ఎవరూ చూడరు అనే అనుకుని ఉంటారు. విమానంలో అయితే చెకిన్ బ్యాగులో కూడా కుదరదు.

కాబట్టి స్టవ్ రైలులో, గ్యాస్ వైజాగ్‌లో. బండ అయితే అక్కడ బంకులో కొనండి. డబ్బాలైతే వైజాగ్‌లో ఉండే ఫ్రెండ్ ఇంటికి ఆర్డర్ పెట్టండి. కారులో బండని పడుకోబెట్టకుండా నిలబెట్టి కట్టండి, ఒక అద్దం కొంచెం దించి ఉంచండి. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, కాళ్ల దగ్గర చేరుతుంది. కొండ మీద స్టవ్ కలిపాక సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి, అగ్గిపుల్లతో కాదు. పని అయ్యాక ముందు బండ దగ్గర కట్టెయ్యండి, ట్యూబులో మిగిలింది మండి ఆరిపోయాక అప్పుడు స్టవ్ నాబ్ తిప్పండి. రోజూ రాత్రి "గ్యాస్ కట్టేశావా?" అని రెండు సార్లు అడిగే అమ్మ అక్కడ ఉండదు, ఆ డ్యూటీ ఒకరికి పేరు పెట్టి అప్పగించండి. ఇంకోటి, రిజర్వ్ ఫారెస్ట్‌లో నిప్పు రాజెయ్యడం ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 ప్రకారం నేరం. అనుమతి ఉన్న క్యాంప్ సైట్‌లోనే వండుకోండి.

ఎమ్మెస్‌కి వెళ్లేవాళ్లకి ఒక పేరా

మనలో చాలామంది రెండేళ్లలో అక్కడ ఉంటారు కాబట్టి అసలు ప్రొపేన్ గ్రిల్ గురించి కూడా కొంచెం. బీటీయూ చూసి కొనొద్దు. గంటకి 10,000 బీటీయూ అంటే 2.9 కిలోవాట్లు, మన ఇండక్షన్ స్టవ్ 2 కిలోవాట్లు అనుకుంటే దానికి ఒకటిన్నర రెట్లు. ఆ అంకె ఎంత గ్యాస్ కాలుతుందో చెప్తుంది, చికెన్‌కి ఎంత వేడి తగులుతుందో చెప్పదు. వెబర్ క్యూ 1200 అనే చిన్న గ్రిల్ 8,500 బీటీయూ, 189 చదరపు అంగుళాలు. కోల్‌మన్ రోడ్‌ట్రిప్ 285 అయితే 20,000 బీటీయూ, 285 చదరపు అంగుళాలు. భాగిస్తే అంగుళానికి మొదటిది 45, రెండోది 70. రెండోదే గొప్పది అనిపిస్తుంది కదా. కానీ మొదటిదానికి పోత అల్యూమినియం మూత, పోత ఇనుము జాలీ ఉన్నాయి, మూత వేస్తే వేడి లోపలే తిరుగుతుంది. ఒక్క డబ్బా మీద అది ఫుల్ మంటతో రెండున్నర గంటలు నడుస్తుంది, రెండోది గంట దాటి కొంచెం. ఇద్దరు ముగ్గురైతే నేను మొదటిదే తీసుకుంటాను. పదిమంది తెలుగువాళ్లు చేరి పార్కులో బార్బెక్యూ పెట్టే రకమైతే రెండోది, లేదంటే ఆకలికి కొట్టుకుంటారు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో వాడే ముందు లీజ్ చదవండి, చాలా చోట్ల ఒప్పుకోరు.

టెంట్ లోపల వద్దు

నిజానికి ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే, చివరికి తోశాను ఎందుకంటే ముందే రాస్తే లెక్చర్ అనుకుని పేజీ తిప్పేస్తారు.

పోయినసారి రాత్రి పదిన్నరకి పొగమంచు దిగింది. మా పక్క టెంట్‌లో నలుగురు, ఉద్యోగాలు చేసుకునేవాళ్లలా ఉన్నారు, బొగ్గుల గ్రిల్ మీద వంట చేసుకున్నారు. వంట అయ్యాక బొగ్గులు ఇంకా ఎర్రగా ఉన్నాయని ఆ గ్రిల్‌ని అలాగే టెంట్ లోపలికి లాగి జిప్ వేసుకున్నారు. మా మెకానికల్ ఫ్రెండ్ వెళ్లి, "అన్నా, అది లోపల పెట్టకండి, డేంజర్" అన్నాడు. "చలి తమ్ముడూ, జిప్ కొంచెం తెరిచే ఉంచాంలే" అని లోపలి నుంచి జవాబు. వాడు వెనక్కి రాలేదు. అక్కడే నిలబడి మళ్లీ పిలిచాడు, మళ్లీ పిలిచాడు. విసుక్కుంటూ ఒకాయన బయటికి వచ్చి, నాలుగు అడుగులు వేసి తల పట్టుకుని కూర్చుండిపోయాడు. "తల దిమ్ముగా ఉందిరా" అన్నాడు. అప్పటికి గ్రిల్ లోపల పెట్టి పావుగంట అయి ఉంటుంది. మిగతా ముగ్గురినీ బయటికి లాగాం, గ్రిల్ బయట పెట్టాం, గాలి తగిలాక అందరూ తేరుకున్నారు. పొద్దున్నే వాళ్లే మాకు టీ ఇచ్చారు.

కారణం కార్బన్ మోనాక్సైడ్. బొగ్గు కాలినప్పుడు బాగా వస్తుంది. గ్యాస్ స్టవ్ ఆరుబయట నీలం మంటతో మండినంతసేపూ కొంచెమే వస్తుంది, కానీ మూసిన టెంట్‌లో ఆక్సిజన్ తగ్గేకొద్దీ అదీ బొగ్గు బాట పడుతుంది. మన రక్తంలో హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే ఈ గ్యాస్‌ని 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకుంటే త్వరగా వదలదు. ముందు తలనొప్పి, వికారం, తర్వాత మత్తు. ట్రిప్‌లో ఇవన్నీ ప్రయాణపు అలసట అనుకుని పడుకుంటాం, ప్రాణం పోయేది ఆ నిద్రలోనే. ఎల్పీజీ లీకైతే వాసన వస్తుంది, ఎందుకంటే ఇథైల్ మెర్కాప్టాన్ అనే కంపు పదార్థాన్ని కావాలని కలుపుతారు. కార్బన్ మోనాక్సైడ్‌కి ఎవరూ వాసన కలపరు.

జిప్ కొంచెం తెరిస్తే సరిపోదు. టెంట్ ముందు వసారా లాంటి భాగం ఉంటుంది కదా, అక్కడ కూడా వద్దు. వానొస్తే నాలుగు వైపులా తెరిచి ఉన్న టార్పాలిన్ కింద వండండి. చలికి స్టవ్‌ని హీటర్‌గా వాడొద్దు. దాని బదులు స్టీలు సీసాలో వేడి నీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, సాక్సు తొడిగి స్లీపింగ్ బ్యాగులో కాళ్ల దగ్గర పెట్టుకోండి. లీటరు నీళ్లకి 20 గ్రాముల గ్యాస్, తెల్లారేదాకా వెచ్చగా ఉంటుంది. ఎవరికైనా తల దిమ్ముగా ఉందంటే ముందు బయటికి లాగండి, తర్వాత ఎందుకో ఆలోచించండి, తేరుకున్నా సరే డాక్టర్‌కి చూపించండి.

ఖాళీ డబ్బాల సంగతి ఒకటి మిగిలింది. ఖాళీ అనుకున్న డబ్బాలో ఎంతోకొంత గ్యాస్ ఉంటుంది, చలికి కుంగినదైతే ఇంకా ఎక్కువ. చలిమంటలో వెయ్యొద్దు, రాయితో కొట్టి చూడొద్దు, తాజంగి రిజర్వాయర్ గట్టున వదిలెయ్యొద్దు. ఎండ వచ్చాక స్టవ్‌లో పెట్టి మిగిలింది కాల్చేసి, పొద్దుటి టీ దాని మీదే పెట్టుకోండి. తర్వాత సంచిలో వేసి కిందికి తెచ్చి వైజాగ్ చెత్తబండికి పొడి చెత్తలో ఇవ్వండి.